షరఫియాలో తీసిన దిష్టి

జెద్దాలో మా ఇంట్లో మూడు ఇకామాలు ఉండేవి. మూడింటికీ గోధుమరంగు అట్టలే. ఇకామా అంటే ఆ దేశంలో మనల్ని ఉండనిచ్చే చిన్న పుస్తకం. ముస్లింలకి ఆకుపచ్చ అట్టది ఇస్తారు, మిగిలిన వాళ్ళందరికీ గోధుమరంగుది. ఒకటి నాది, ఒకటి మా ఆయనది, మూడోది మా ఇంట్లో ఒక గదిలో ఉంటున్న మా ఆసుపత్రిలో నాతోపాటు పనిచేసే నర్సమ్మాయిది. ఆ అమ్మాయికి మూడేళ్ళు దాటిన కూతురుంది. పాప తినేది మా ఇంట్లో, పడుకునేది మా ఇంట్లో, రంగు పెన్సిళ్ళతో గోడలన్నీ గీకేది మా ఇంట్లో. పాప పేరు మాత్రం మా పుస్తకాల్లో దేన్లోనూ లేదు. రెండు సందులవతల వేరే గదిలో ఉంటున్న తండ్రి ఆకుపచ్చ పుస్తకంలో ఉంది.

గొడవంతా అక్కడే వచ్చింది. ఆ అమ్మాయి కాంట్రాక్టు అయిపోవస్తోంది, ఆసుపత్రివాళ్ళు ఇక పొడిగించం అన్నారు. నెల తిరిగేలోగా దేశం వదిలి వెళ్ళిపోవాలి. తను వెళ్ళడానికి ఏ అడ్డూ లేదు. పాప వెళ్ళాలంటే మాత్రం తండ్రి తన కఫీల్ దగ్గరికి, అంటే తనకి వీసా ఇచ్చిన అరబ్బు యజమాని దగ్గరికి వెళ్ళి, పాప పేరు మీద దేశం దాటనిచ్చే ఎగ్జిట్ ముద్ర వేయించాలి. పాప పాస్‌పోర్టు కూడా అతని దగ్గరే ఉంది. అతను వేయించనంటున్నాడు. పాపని హైదరాబాదులో తన తల్లి దగ్గర ఉంచి పెంచుకుంటానంటున్నాడు.

పోనీ కోర్టుకెళ్ళు అందామంటే నోరు రాదు. అక్కడ కోర్టుని మహకమా అంటారు. ఆ అమ్మాయి హిందువు, మొగుడు ముస్లిం. హైదరాబాదులో రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకున్న పెళ్ళి. ఆ పెళ్ళి అక్కడి ఖాజీ ముందు నిలబడదని, నిలబడ్డా పిల్ల తండ్రి మతానిదే అవుతుందని, ముస్లిం కాని తల్లికి పెంపకం ఇవ్వరని మాకు తెలిసినవాళ్ళందరూ చెప్పారు. ఏమీ తెలియనివాళ్ళు ఇంకా గట్టిగా చెప్పారు. ఇక ఆ పిల్లకి మిగిలింది మొగుణ్ణి ఒప్పించుకోవడం ఒక్కటే.

ఆ మొగుడంటే నాకు అప్పట్లో ఒళ్ళు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా నర్సాపురంలో అందరికీ తెలుసు. జెద్దా వచ్చిన కొత్తలోనే మా పిల్లల వార్డులో కూడా అందరికీ తెలిసిపోయింది. అయినా న్యాయంగా చెప్పాలి కదా. అతను తాగేవాడు కాదు, చెయ్యి చేసుకునేవాడు కాదు. ఏసీలు బాగుచేసే పని. పాతబస్తీ మనిషి. ఈ అమ్మాయి ట్రైనింగ్ అయ్యాక మొదట చేరిన నర్సింగ్ హోములో ఏసీ బాగుచేయడానికి వచ్చాడట. అది బాగైపోయాక కూడా సరిగ్గా పనిచేస్తోందా లేదా అని వారం వారం చూడ్డానికి వచ్చేవాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆ అమ్మాయి అంత ఏడుపులోనూ నవ్వేది.

పిల్ల పుట్టేదాకా వాళ్ళిద్దరికీ మతం అడ్డురాలేదు. పిల్ల పుట్టాక ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. బొట్టు పెట్టిందని అతను, చెరిపేశాడని ఈవిడ. సెలవులకి ఇండియా వెళితే తెనాలి దగ్గర ఈవిడ పుట్టింట్లో మామగారు అల్లుణ్ణి అరుగు మీదే కూర్చోబెట్టి, అక్కడికే కాఫీ పంపించాడు. ఇంట్లో అందరికీ స్టీలు గ్లాసుల్లో ఇచ్చి, అతనికి మాత్రం పారేసే కాయితం కప్పులో ఇచ్చారు. అతను ఆ కప్పుని మర్చిపోలేదు. "రేపు నా బిడ్డ గూడ నన్ను గట్లనే బయట కూసోవెడతది," అనేవాడట. ఆ మాట అబద్ధం అని నేను ఇప్పుడైతే అనను. అప్పుడు మాత్రం వాదించాను, గొంతు చించుకుని వాదించాను.

చివరికి వేరుపడ్డారు. పాప తల్లి దగ్గర ఉంటుంది, శుక్రవారం మాత్రం తండ్రి వచ్చి తీసుకెళ్ళి పొద్దుగూకేసరికి తెచ్చి దింపుతాడు. పాప అతన్ని అబ్బా అని పిలిచేది. అతను మెట్ల దగ్గర నిలబడి "పోరిని తోలుండ్రి" అని నాతో అనేవాడే తప్ప ఆమెతో మాట్లాడేవాడు కాదు. ఆమె పాపకి బూట్లు తొడిగి, చేతికి ఒక అరటిపండిచ్చి, మెట్ల మీదికి పంపి తలుపు వేసేసుకునేది. పాప తిరిగొచ్చేదాకా తను ఏమీ తినేది కాదు.

జెద్దాలోని షరఫియా పేటలో హైదరాబాదీలకి ఏ తగువొచ్చినా తీర్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. కింద కిరాణా కొట్టు, పైన ఇల్లు. అందరూ చాచా అనేవాళ్ళు, ఆయన భార్య అందరికీ చాచీ. మా ఆయన వెళ్ళి ఆయన కాళ్ళావేళ్ళా పడితే, శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఇద్దర్నీ కూర్చోబెడతానన్నాడు. ఎటూ తేలకపోతే మహకమాకి వెళతానని పాప తండ్రి అప్పటికే చెప్పి ఉన్నాడు. కాబట్టి మాకున్నది ఆ శుక్రవారమే.

గురువారం సాయంత్రం పాపకి ఒళ్ళు వెచ్చబడింది. పెద్ద జ్వరమేం కాదు, నేనే థర్మామీటరు పెట్టి చూశాను. కానీ ఆ అమ్మాయి కంగారుపడిపోయింది. "రేపు అంతమంది దాని గురించే మాట్లాడతారక్కా. ఇప్పట్నుంచే దిష్టి తగిలింది," అంది. నేను కాదనలేదు. మన వాళ్ళకి దిష్టి మతం చూసి తగలదు కదా. దిష్టి తీయడం విశ్వాసులకి తగదని మా పాస్టరు గారు ఆదివారం ఆదివారం చెప్పేవారు. మా అమ్మ ఆ వాక్యం విని ఇంటికొచ్చి, చర్చిలో అందరి కళ్ళూ నీ మీదే ఉన్నాయిరా అని మా తమ్ముడికి దిష్టి తీసేది.

ఆ అమ్మాయి పాపని తూర్పుముఖంగా కూర్చోబెట్టింది. గుప్పిట్లో గళ్ళుప్పు, ఎండుమిరపకాయలు, పాప దువ్వెనలో మిగిలిన నాలుగు వెంట్రుకలు పట్టుకుని చుట్టూ తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి, అక్క దిష్టి, వాళ్ళ నాన్న దిష్టి అంది.

"వాళ్ళ నాన్నది కూడానా?" అన్నాను వెటకారంగా.

"కోపం వేరు, దిష్టి వేరక్కా. అందరికంటే ఎక్కువ చూసేది ఆయనే," అంది.

ఇంటి దగ్గరైతే అవి పొయ్యిలో వేసేస్తాం. మా ఆయనకి ఉబ్బసం. మిరపకాయ పొగ సోకిందంటే మనిషి ఇక పడుకోలేడు. అంచేత ఆ అమ్మాయి బయటికెళితే పైన వేసుకునే తన పాత అబాయా అంచు చింపి, ఆ నల్లగుడ్డలో అవన్నీ మూట కట్టి పక్కన పెట్టింది. తెల్లవారి పాలకని కిందికి దిగినప్పుడు మా బిల్డింగు ముందు మూడు దారులు కలిసేచోట దాన్ని పడేసి వచ్చింది. మన ఊళ్ళో చేసినట్టే చేసింది, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది.

మన ఊళ్ళో అది దిష్టి మూట. చూసినవాడు పక్కకి తప్పుకుని పోతాడు, అంతే. అక్కడ నల్లగుడ్డలో పసిపిల్ల వెంట్రుకలు ముడేసి దారిలో పడేస్తే దాన్ని సిహర్ అంటారు, చేతబడి. ఆ మాట మీద మనిషిని పట్టుకెళితే ఆ మనిషి గురించి మళ్ళీ వినడమే కష్టం. ఇన్నేళ్ళు ఆ దేశంలో ఉండి, ఇది మా ఇద్దరికీ తెలియని సంగతి కాదు. కానీ బిడ్డకి ఒళ్ళు వెచ్చబడితే చెయ్యి దానంతటదే ఉప్పు డబ్బా దగ్గరికి పోతుంది. మూట ఎక్కడ పడేసిందో నాకు మధ్యాహ్నం దాకా తెలియదు.

జుమ్మా అయ్యాక మా ఆయన కారులో చాచా ఇంటికి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు. "మనకెందుకే ఇదంతా. మన ఇకామాకే దిక్కులేదు, ఊరి తగువులు నెత్తినేసుకుంటున్నావు."  వెనక సీట్లో ఆ అమ్మాయి పాప జుట్టు దువ్విందే దువ్వుతోంది. పాపకి విసుగొచ్చి దువ్వెన లాక్కుని కిటికీకేసి కొట్టింది.

చాచా ఇంట్లో మగవాళ్ళు ముందు గదిలో, మేము లోపలి గదిలో. మధ్యలో గుమ్మానికి పరదా. చాచా, మా ఆయన, పాప తండ్రి అటువైపు తివాచీ మీద కూర్చున్నారు. నేను, ఆ అమ్మాయి ఇటువైపు గుమ్మం పక్కనే కూర్చున్నాం. పాప ఏడుపందుకుంది. ఎత్తుకున్నా ఆపదు, దించినా ఆపదు. చాచీ వచ్చి "దే బిడ్డా, నేను సూస్కుంట," అని పాపని చంకనేసుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"ఏమ్మా, నీ మాటేందో చెప్పు," అన్నాడు చాచా పరదా అవతల నుంచి.

"నా బిడ్డని నాతో పంపించమనండి చాచా. సెలవులన్నిట్లోనూ హైదరాబాదు తీసుకొచ్చి వాళ్ళ నానమ్మ దగ్గర వదుల్తాను. ఆమె ఏం నేర్పినా నేర్చుకోనిస్తాను. నేనేం అడ్డం రాను." మాట తడబడలేదు. ఆ నాలుగు ముక్కలూ వారం నుంచి వంటింట్లో తనలో తను అనుకుంటుంటే నేను విన్నాను.

"మీ నాయిన రానిస్తడా నన్ను ఇంట్లకి?" అన్నాడు పాప తండ్రి. అన్ని నెలల తర్వాత ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

"మా నాన్నని అడిగి నిన్ను చేసుకున్నానా?"

 బాగా అన్నావే అనుకున్నాను నేను. అప్పుడే పరదా కింద నుంచి ఒక చెయ్యి ఏదో ముందుకి నెట్టింది. నల్లగుడ్డ మూట. ఒకపక్క ముడి వదులై ఉప్పు గళ్ళు తివాచీ మీద రాలాయి. ఆ అమ్మాయి దాన్ని చూసి, నన్ను చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అదేమిటో నాకు అప్పుడర్థమైంది. 

"పొద్దుగాల నువ్వు పడేసి పోతుంటే మీ బిల్డింగు వాచ్‌మన్ జూసిండట," అన్నాడతను. "నన్ను ఎరికె కాబట్టి తెచ్చి నా చేతుల వెట్టిండు. ఇంకోనికి దొరికుంటే ఈ పాటికి పోలీసుల కాడ ఉంటుండె. దీంట్ల నా బిడ్డ ఎంటికెలు ఉన్నయ్. మహకమాల ఇది వెడితే ఏమైతదో నీకెరికేనా?"

"అదేంటో నీకు తెలీదా?" అంది ఆమె.  "నీకు తెలీదా చెప్పు."

 అతను నెమ్మదిగా అన్నాడు. "నాకెరికె. ఖాజీకెరికేనా?"

చాచా ఏదో అనబోయాడు. పాప తండ్రి ఆయన్ని ఆపి, తన మాట చెప్పేశాడు. బిడ్డ తండ్రి దగ్గరే ఉంటుందని కాయితం మీద రాసి సంతకం పెట్టాలి. పెడితే ఆ మూటని ఇక్కడే, అందరి ముందే కాల్చేస్తాడు. ఆమె ఇండియా వెళ్ళిపోవచ్చు. పెట్టకపోతే ఆదివారం మహకమాకి మూటతో సహా వెళతాడు.

ఆ అమ్మాయి ఏడవలేదు. అది చూస్తే నాకు ఇంకా భయమేసింది. మా వార్డులో బిడ్డ ఇక దక్కదని చెప్పినప్పుడు కొందరు తల్లులు అలా కూర్చోవడం చూశాను. చెయ్యి చాచి, "కాయితం ఇవ్వమనక్కా," అంది నాతో. "నేను జైల్లో ఉంటే దానికి అమ్మా లేదు, ఏమీ లేదు. ఇలాగైతే అమ్మ ఎక్కడో ఒకచోట ఉందని అన్నా దానికి ఉంటుంది."

నా ముక్కు మీద కోపం అప్పుడు నెత్తికెక్కింది. లేచి పరదా పక్కకి లాగేశాను. తలమీద గుడ్డ ఎటుపోయిందో తెలియదు. చాచా తల దించుకున్నాడు. మా ఆయన "కూర్చోవే, కూర్చో," అంటూ లేచాడు.

"సిగ్గులేదుటయ్యా నీకు!" అన్నాను. "రేపు నీ కూతురు పెద్దదై మా అమ్మేదని అడిగితే ఏం చెప్తావ్? మీ అమ్మ నీకు దిష్టి తీసింది, అందుకని చేతబడి కేసు పెట్టించి నిన్ను తెచ్చుకున్నానని చెప్తావా? చెప్పు, చెప్తావా?"

అతను నా వైపు చూడలేదు. మూట వైపే చూస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గడ్డం మాసిపోయి ఉంది, ఆ మనిషి కూడా నిద్రపోయి చాలా రోజులైందని అప్పుడు గమనించాను. గమనించినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. "అక్కా, నువ్వు కూసో," అన్నాడు మెల్లిగా. "నా బిడ్డని నేను అడుగుతున్న. నీకేంది?"

నేను ఇంకో మాట అనేలోపు మా ఆయన దగ్గడం మొదలుపెట్టాడు. ముందు నా మీద కోపంతో దగ్గుతున్నాడనుకున్నాను. తర్వాత చాచాకి దగ్గొచ్చింది. తర్వాత నాకు గొంతులో కారం తగిలింది, కళ్ళ వెంట నీళ్ళు. వంటింట్లోంచి ఘాటు పొగ గుప్పున ముందు గదిలోకి వచ్చేసింది. పాప తండ్రి కూడా మోచేయి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు.

"ఏంది లోపల?" అని అరిచాడు చాచా. "ఇల్లు తగలవెడుతున్నవా?"

చాచీ గుమ్మంలోకి వచ్చింది. ఒక చంకలో పాప, ఇంకో చేతిలో పాత పెనం. పెనం మీద ఉప్పు చిటపటమంటోంది, మిరపకాయలు నల్లగా మాడి పొగలు కక్కుతున్నాయి. పాప ఏడుపు మానేసి చిటపటలు చూస్తోంది.

"పోరి ఆగకుంట ఏడుస్తుంటే నజర్ తీసిన," అంది చాచీ. "ముంగట ఏసినప్పుడు కొంచెం గూడ ఘాటు రాలె. ఎన్ని కండ్లు వడ్డయో పిల్ల మీద. ఇంకో పిడికెడు ఏస్తే ఇగో, ఇప్పుడొచ్చింది. గట్ల జూస్తరేంది అందరు?"

 తివాచీ మీద ఉప్పు గళ్ళు, పెనం మీద ఉప్పు గళ్ళు. చాచా ముందు మూటని చూశాడు, తర్వాత భార్య చేతిలో పెనాన్ని చూశాడు. దగ్గు ఆపుకుంటూ పాప తండ్రి వైపు తిరిగాడు.

"ఆదివారం మహకమాకి పోతవు గదా బేటా," అన్నాడు. "మీ చాచీని గూడ తీస్కపో. పెనం గూడ పట్టుకొమ్మంట."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అతను మాత్రం నవ్వలేదు. చాచీ దగ్గరికి వెళ్ళి పాప తల మీద చెయ్యి పెట్టాడు. పాప "అబ్బా, చూడు, టప్ టప్," అంది పెనం చూపించి. అతను వంగి మూట తీసుకుని, రాలిన ఉప్పు కూడా ఏరి అందులో వేసి, గట్టిగా ముడేసి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మూట అతని జేబులోనే వెళ్ళిపోయింది. ఆ తర్వాతి రోజుల్లో కాలింగ్ బెల్ మోగితే ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్ళం. మతపోలీసుల పెద్ద బండి వీధిలో కనబడితే నేను కిటికీ తెర లాగేసేదాన్ని, తెర లాగితే బండి ఆగదన్నట్టు. ఆదివారం వచ్చింది, పోయింది. మహకమా నుంచి కబురేం రాలేదు. వాళ్ళు వెంటనే రారు, ముందు కాయితాలు రాస్తారని మా ఆయన అన్నాడు. ధైర్యం చెబుతున్నాననుకున్నాడు పాపం. నేను ఆ పూట ఆయనకి కూర వడ్డించలేదు.

పాప తండ్రి ఫోను ఎత్తలేదు. చాచా చేస్తే కూడా ఎత్తలేదు. ఆ అమ్మాయి రెండు పెట్టెలు సర్దింది, ఒకటి తనది, ఒకటి పాపది. సర్దిన మర్నాడు పాప పెట్టె విప్పేసి గౌన్లన్నీ మళ్ళీ అలమరలో పెట్టింది. ఆ తర్వాత మళ్ళీ సర్దింది. మాతో మాట్లాడ్డం తగ్గించేసింది. ఒక్క పాపతోనే మాట్లాడేది. రాత్రి భోజనాల దగ్గర కూడా ముద్దలు కలిపి పాప నోట్లో పెడుతూ వాళ్ళ ఊరి గురించి చెప్పేది, ఇంట్లో గేదె ఉందని, తాతయ్య నిన్ను దాని మీద కూర్చోబెడతాడని. ఆ తాతయ్య ఆ పని చేస్తాడో లేదో నాకు తెలియదు, ఆ అమ్మాయికి కూడా తెలియదు.

తర్వాతి శుక్రవారం అతను రాలేదు. పాప పొద్దున్నే బూట్లు తనే తొడుక్కుంది, అటుది ఇటు ఇటుది అటు. తలుపు దగ్గర కూర్చుని అబ్బా వస్తాడంది. మధ్యాహ్నం అన్నానికి లేవమంటే లేవలేదు. చివరికి అక్కడే తలుపుకి ఆనుకుని నిద్రపోతే వాళ్ళమ్మ బూట్లు విప్పి లోపలికి ఎత్తుకెళ్ళింది. రాక్షసుడు అని తిట్టాను నేను. తిట్టాక వంటింట్లోకి పోయి నా కళ్ళు నేనే తుడుచుకున్నాను.

ప్రయాణం ఇక ముంచుకొచ్చిందనగా చాచా ఫోను చేశాడు. పాపకి తండ్రి ఎగ్జిట్ వేయించాడట. పాస్‌పోర్టు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వడట, విమానాశ్రయానికి తనే తెస్తాడట. ఎందుకు అని అడిగాను. నాకు చెప్పలేదమ్మా అన్నాడు చాచా. ఫోను పెట్టేశాక ఆ అమ్మాయి మొహంలో రక్తం లేదు. "అక్కడైతే పోలీసులు పక్కనే ఉంటారక్కా," అంది. "మూట తీసి చేతిలో పెడితే చాలు." నేను ఏదో సర్ది చెప్పాను. నేను కూడా అదే అనుకుంటున్నానని చెప్పలేదు.

విమానాశ్రయం మక్కాలో ఉమ్రా యాత్ర చేసి వెళ్ళేవాళ్ళతో కిక్కిరిసి ఉంది. తెల్లబట్టల ముసలివాళ్ళు అక్కణ్ణుంచి తెచ్చిన జంజం నీళ్ళ క్యాన్ల మీద కూర్చుని ఉన్నారు. మా ఆయన కారు దగ్గరే ఉండిపోయాడు, అక్కడ ఆపనివ్వరని వంక చెప్పాడు. సామాను తూకం కౌంటరు దగ్గర ఆ అమ్మాయి తన టికెట్టు ఒక్కటే పట్టుకుని పక్కన నిలబడింది. వరసలో వాళ్ళు దాటిపోతున్నారు, ఆమె కదలడం లేదు. కౌంటరు మూసేస్తామని రెండోసారి చెప్పాడు లోపలి మనిషి. పాప ఒక క్యాను మీదెక్కి గెంతుతోంది. ఇక రాడు అనుకున్నాను. రాకపోతే ఆమె విమానం ఎక్కదు, ఎక్కకపోతే ఇకామా గడువు దాటిపోతుంది, దాటితే పోలీసులే వస్తారు. మూట కూడా అక్కర్లేదు.

అప్పుడొచ్చాడు, పని బట్టల్లోనే, చొక్కా మీద ఏసీ మసి. పాప క్యాను మీంచి దూకి పరుగెత్తింది. అతను ఎత్తుకుని మెడలో మొహం పెట్టుకున్నాడు. అలాగే పాపని ఎత్తుకునే వచ్చి, పై జేబులోంచి పాస్‌పోర్టు తీసి ఆమెకిచ్చాడు. ఆమె పేజీలు తిప్పింది. ఎగ్జిట్ ముద్ర ఉంది. ఆ పేజీని నాకు కూడా చూపించింది.

ముద్ర చూసినా నాకు నమ్మకం కలగలేదు. "ఆ మూట ఏదయ్యా?" అన్నాను మొహం మీదే.

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సముద్రంల ఏసిన అక్కా. గా రోజే, చాచా ఇంట్లకెల్లి సీదా కార్నిష్ కాడికి పోయి. ఎవ్వరు తొక్కని జాగల ఎయ్యాల్నట గదా. అమ్మీ ఫోన్ల చెప్పింది."

"మీ అమ్మకి చెప్పావా?" అంది పాప తల్లి.

"అంత చెప్పిన. సిహర్ అంటవేందిరా, నీకు తీసినయి లెక్కవెడితే నేనెన్ని జేళ్ళకు పోవాలె అన్నది." పాపని ఇంకో చంకకి మార్చుకున్నాడు. "పిల్లని తెచ్చి నా ఒళ్ళ కూసోవెడితే అయిపాయెనా, రాత్రి లేసి అమ్మా అని ఏడిస్తే ఎవల్ని జూపియ్యాలె అన్నది.  మల్ల ఫోన్ జెయ్యాలంటే మొకం లేకుండె. చాచాకు గూడ, నీకు గూడ."

"సెలవులకి తెస్తాను. నానమ్మ దగ్గరికి," అంది ఆమె.

"తెస్తవా?"

"తెస్తాను."

"నీకే ఇద్దామని తెచ్చిన పాస్‌పోర్ట్. ఇంకెవలి చేత్ల పెట్టబుద్ధి గాలె," అన్నాడు.  అతను పాప బూట్ల లేసులు విప్పి మళ్ళీ గట్టిగా కట్టాడు. వదులుగా ఏమీ లేవు అవి. తర్వాత పాపని తల్లి చంకకి అందించాడు. పాప తండ్రి కాలరు పట్టుకుని వదల్లేదు, అతనే ఒక్కొక్క వేలూ విడిపించాడు. "అబ్బా రాడా?" అని పాప అడగడం నాకు వినిపించింది. తల్లి ఏం చెప్పిందో వినబడలేదు. పాస్‌పోర్టు కౌంటరు దాటి అద్దాల అవతల జనంలో కలిసిపోయేదాకా పాప భుజం మీంచి వెనక్కి చూస్తూనే ఉంది.

అతను అద్దం దగ్గరే నిలబడిపోయాడు. అతన్ని దులిపేయాలని అన్ని రోజులుగా నేను మాటలు పోగేసుకుని ఉన్నాను. ఒక్కటీ పనికిరాలేదు. మా ఆయన ఎదురుచూస్తుంటాడని బయల్దేరబోయాను.

"అక్కా," అన్నాడు నన్ను చూడకుండానే. "ఇంటికి చేరినంక ఆమెకు ఫోన్ జేస్తవ్ గదా?"

"చేస్తాను."

"మల్ల ఒక్కసారి తీయమని చెప్పు పోరికి. విమానం నిండ మంది ఉన్నరు, ఎవలెవల కండ్లు వడ్తయో." చేతి వెనకతో మొహం తుడుచుకున్నాడు. మసి చెంప మీదికి అంటింది. "నాది గూడ తీయమను. ఇప్పుడు మస్తుసేపు జూసిన."

చెబుతానన్నాను.